లైనక్స్‌లో రైట్‌బ్యాక్‌ను ట్రేస్ చేయడం ఎలా: క్యాష్‌లోని డేటా డిస్క్‌కి ఎప్పుడు, ఎవరి వల్ల వెళ్తోందో పట్టుకునే పద్ధతి

ఫైల్ సేవ్ చేశాక డేటా డిస్క్‌కి ఎప్పుడు చేరుతుంది? బాగా నడుస్తున్న ప్రోగ్రామ్ ఉన్నట్టుండి రెండు సెకన్లు ఎందుకు బిగుసుకుపోతుంది? ఏ పనీ చేయకపోయినా డిస్క్ లైటు అరనిమిషానికోసారి ఎందుకు వెలుగుతుంది? ఈ ప్రశ్నలు పదేపదే వస్తుంటాయి. మూడింటికీ జవాబు కెర్నెల్ చేసే రైట్‌బ్యాక్‌లోనే, అంటే క్యాష్‌లోని డేటాను తర్వాత డిస్క్‌కి రాసే పనిలోనే ఉంది. దాన్ని ఊహించుకుంటూ సెట్టింగులు మార్చడం కంటే, కెర్నెల్‌లో ముందే ఉన్న ట్రేస్‌పాయింట్లతో (ఒక పని జరిగినప్పుడల్లా దాన్ని రికార్డు చేసే చోట్లతో) కళ్లారా చూడడం తేలిక. అరగంట చాలు.

సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే సరిపోతుంది. ప్రోగ్రామ్ రాసిన డేటా ముందు ర్యామ్‌లోని పేజ్ క్యాష్‌లోకి వెళ్తుంది, ఆ పేజీకి డర్టీ (ఇంకా డిస్క్‌కి చేరనిది) అని గుర్తు పడుతుంది. తర్వాత ఎప్పుడో ఫ్లషర్ అనే కెర్నెల్ వర్కర్ దాన్ని బ్లాక్ లేయర్‌కి అప్పగిస్తుంది. ఆ తర్వాత డిస్క్ ఆ పని ముగిస్తుంది. డర్టీ కావడం, రైట్‌బ్యాక్ మొదలవడం, డిస్క్ పని ముగియడం అనేవి మూడు వేర్వేరు క్షణాలు. మూడింటినీ చేసేవాళ్లు కూడా వేర్వేరు. ట్రేస్ చదవడంలో వచ్చే తికమక అంతా వీటిని ఒకటిగా అనుకోవడం వల్లే వస్తుంది.

ఒక మాట: ఇక్కడ ఫైళ్ల పేర్లు, ఈవెంట్ల పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, అండర్‌స్కోర్లతో సహా టైప్ చేయాలి. సరైన స్పెల్లింగ్ కోసం ఆ డైరెక్టరీలో ఎల్ఎస్ కొడితే చాలు.

కావలసినవి

- రూట్ హక్కు. ట్రేసింగ్ డైరెక్టరీని మామూలు యూజర్ తెరవలేడు కూడా.
- ట్రేస్‌ఎఫ్ఎస్ (ట్రేసింగ్ ఫైళ్లుండే ఫైల్‌సిస్టమ్) మౌంట్ అయి ఉండాలి. చోటు: /సిస్/కెర్నెల్/ట్రేసింగ్. పాత కెర్నెళ్లలో /సిస్/కెర్నెల్/డీబగ్/ట్రేసింగ్.
- పరీక్షకు అసలు డిస్క్ మీద ఖాళీ చోటు, కనీసం రెండు మూడు జీబీ.
- ట్రేస్ అవుట్‌పుట్ దాచడానికి పరీక్షిస్తున్న డిస్క్ కాకుండా మరో చోటు. /డెవ్/ఎస్‌హెచ్ఎం సరిపోతుంది.
- ఉంటే మంచిది: ట్రేస్-సీఎండీ, బీపీఎఫ్‌ట్రేస్. లేకపోయినా పని ఆగదు.

కంటైనర్ లోపలి నుంచి ప్రయత్నించకండి, హోస్ట్ మీదే చేయండి. కెర్నెల్ లాక్‌డౌన్ కాన్ఫిడెన్షియాలిటీ స్థాయిలో ఉంటే రూట్‌కి కూడా ట్రేస్‌ఎఫ్ఎస్ తెరుచుకోదు. అనుమతి లేదన్న సందేశం వస్తే /సిస్/కెర్నెల్/సెక్యూరిటీ/లాక్‌డౌన్ ఫైల్ చూడండి.

1. ముందు అంకెలు రాసి పెట్టుకోండి

సిస్‌సీటీఎల్‌తో వీఎం.డర్టీ అని మొదలయ్యే విలువలన్నీ చూడండి. ఎవరూ మార్చకపోతే డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_రేషియో 10, డర్టీ_రేషియో 20, డర్టీ_ఎక్స్‌పైర్_సెంటీసెక్స్ 3000, డర్టీ_రైట్‌బ్యాక్_సెంటీసెక్స్ 500 ఉంటాయి. చివరి రెండూ సెకనులో నూరో వంతుల్లో ఉన్నాయి, అంటే 30 సెకన్లు, 5 సెకన్లు. ల్యాప్‌టాప్‌లలో పవర్ ఆదా చేసే టూల్స్ వీటిని నిశ్శబ్దంగా మార్చేస్తుంటాయి కాబట్టి డీఫాల్టే ఉంటుందని నమ్మకండి.

10, 20 అన్నవి శాతాల్లో హద్దులు: డర్టీ డేటా మొదటిది (బ్యాక్‌గ్రౌండ్ హద్దు) దాటితే ఫ్లషర్ రాయడం మొదలుపెడుతుంది, రెండోది పై హద్దు. ఇవి మొత్తం ర్యామ్ మీద లెక్క కట్టినవి కావు. ఖాళీగా ఉన్న మెమరీకి ఫైల్ క్యాష్‌ను కలిపి, ఆ మొత్తం మీద లెక్క. అందుకే మీరు కాలిక్యులేటర్‌తో వేసిన లెక్క కుదరదు. అసలు హద్దు కావాలంటే /ప్రోక్/వీఎంస్టాట్‌లో ఎన్ఆర్_డర్టీ_థ్రెషోల్డ్, ఎన్ఆర్_డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_థ్రెషోల్డ్ చూడండి. అవి పేజీల లెక్కలో ఉంటాయి. 4 కేబీ పేజీ అయితే 4తో గుణిస్తే కేబీలు వస్తాయి.

తర్వాత ఎల్ఎస్‌బీఎల్‌కే నడిపి డిస్క్ మేజర్:మైనర్ నంబర్ రాసుకోండి. ఇది ఫిల్టర్‌కి కావాలి. ఇక్కడ పార్టిషన్ నంబర్ పనికిరాదు, మొత్తం డిస్క్ నంబర్ కావాలి. ఎస్‌డీఏ1 నంబర్ 8:1 అయినా ట్రేస్‌లో కనిపించేది ఎస్‌డీఏ నంబరైన 8:0. బీటీఆర్‌ఎఫ్ఎస్ అయితే డిస్క్ నంబర్ ఉండదు, బీటీఆర్‌ఎఫ్ఎస్-1 లాంటి సొంత పేరు వస్తుంది. ఎల్‌వీఎం వాడుతుంటే కింది డిస్క్ నంబర్ కాకుండా ఆ లాజికల్ వాల్యూమ్ నంబర్ వస్తుంది.

2. సొంత ఇన్‌స్టెన్స్ తయారు చేసుకోండి

ట్రేసింగ్ డైరెక్టరీలోని ఇన్‌స్టెన్సెస్ లోపల ఎంకేడైర్‌తో మీకు నచ్చిన పేరుతో ఒక డైరెక్టరీ సృష్టించండి. అది ఖాళీగా ఉండదు. బఫర్, ఈవెంట్లు, ఫిల్టర్లు అన్నీ విడిగా అందులో ప్రత్యక్షమవుతాయి. ఇకపై చెప్పే ఫైళ్లన్నీ దీని లోపలివే. ఇలా చేస్తే అదే మెషీన్‌లో మరో టూల్ ట్రేస్ చేస్తున్నా దాని బఫర్ చెడదు, మీదీ చెడదు. తీసేయడం కూడా ఒక్క ఆర్ఎండైర్‌తో అయిపోతుంది.

సుడో ఎకో అని రాసి ఫైల్‌లోకి మళ్లిస్తే అనుమతి లేదంటుంది. ఫైల్ తెరిచేది మీ షెల్, దానికి రూట్ హక్కు లేదు. రూట్ షెల్‌లోకి వెళ్లండి, లేదా సుడో టీ వాడండి.

3. బఫర్ సైజు, గడియారం

బఫర్_సైజ్_కేబీలో 16384 రాయండి, అంటే 16 ఎంబీ. ఇది ప్రతి సీపీయూకి విడిగా. 8 సీపీయూల మెషీన్‌లో మొత్తం 128 ఎంబీ పోతుంది. చిన్న మెషీన్ అయితే 4096 చాలు.

ట్రేస్_క్లాక్‌లో మోనో అని రాయండి. డీఫాల్ట్ గడియారం లోకల్. అది వేగంగా పనిచేస్తుంది గానీ ఒక్కో సీపీయూలో సమయం కొద్దిగా తేడాగా ఉండొచ్చు. రాసిన ప్రోగ్రామ్ ఒక సీపీయూ మీద, ఫ్లషర్ ఇంకో సీపీయూ మీద నడుస్తాయి కాబట్టి ఏది ముందు జరిగిందో ఇక్కడ ముఖ్యం. గడియారం మారిస్తే బఫర్ ఖాళీ అవుతుంది. అందుకే ఈ పని మొదట్లోనే ముగించండి.

4. ఈవెంట్లు ఎంచుకోండి

ఈవెంట్స్/రైట్‌బ్యాక్ లోపల రెండు డజన్లకు పైగా ఈవెంట్లున్నాయి. అన్నీ ఒకేసారి ఆన్ చేయాలనిపిస్తుంది. చేయకండి. పేజీ డర్టీ అయిన ప్రతిసారీ వచ్చే ఈవెంట్ ఒక్కటే మిగతావాటిని ముంచేస్తుంది. మొదటి విడతకు వీటి ఎనేబుల్ ఫైళ్లలో 1 రాయండి:

- రైట్‌బ్యాక్_స్టార్ట్, రైట్‌బ్యాక్_రిటెన్: ఫ్లషర్ ఒక విడత మొదలుపెట్టడం, ముగించడం
- రైట్‌బ్యాక్_క్యూ_ఐఓ: ఆ విడతకు ఎన్ని ఐనోడ్‌లు (ఫైల్‌సిస్టమ్‌లో ఒక్కో ఫైల్‌కి ఉండే రికార్డులు) దొరికాయి
- రైట్‌బ్యాక్_సింగిల్_ఐనోడ్: ఏ ఫైల్, ఎన్ని పేజీలు
- బ్యాలెన్స్_డర్టీ_పేజెస్: రాసే ప్రోగ్రామ్‌ను కెర్నెల్ ఆపిన సందర్భాలు
- గ్లోబల్_డర్టీ_స్టేట్: ఆ క్షణానికి డర్టీ ఎంత, హద్దు ఎంత

పేజీ స్థాయి ఈవెంట్ నిజంగా కావాల్సి వస్తే దాని పేరు కొత్త కెర్నెళ్లలో రైట్‌బ్యాక్_డర్టీ_ఫోలియో, పాతవాటిలో రైట్‌బ్యాక్_డర్టీ_పేజ్. వీటిని లెక్కపెట్టి ఎన్ని బైట్లు రాశామో తేల్చాలని చూడొద్దు. ఒక ఫోలియోలో చాలా పేజీలుండొచ్చు, వాటన్నిటికీ కలిపి ఈవెంట్ ఒక్కటే. ఇప్పటికే డర్టీగా ఉన్న చోట మళ్లీ రాస్తే అసలు ఈవెంటే రాదు.

5. ఫిల్టర్ పెట్టండి, పెట్టాక సరిచూడండి

ప్రతి ఈవెంట్ డైరెక్టరీలో ఫిల్టర్ అనే ఫైల్ ఉంది. రైట్‌బ్యాక్_స్టార్ట్ ఫిల్టర్‌లో నేమ్ == "8:0" అని రాస్తే ఆ డిస్క్ ఈవెంట్లే వస్తాయి. బ్యాలెన్స్_డర్టీ_పేజెస్‌లో ఇదే ఫీల్డ్ పేరు నేమ్ కాదు, బీడీఐ. గ్లోబల్_డర్టీ_స్టేట్‌లో డిస్క్ పేరే ఉండదు, అది మొత్తం సిస్టమ్‌కి చెందినది. ఏ ఈవెంట్‌లో ఏ ఫీల్డ్ ఉందో ఆ ఈవెంట్ ఫార్మాట్ ఫైల్ చెబుతుంది. ముందు దాన్ని చదవండి.

రైట్‌బ్యాక్ డైరెక్టరీ స్థాయిలోనే ఒక ఫిల్టర్ పెడితే ఆ ఫీల్డ్ లేని ఈవెంట్లు పాత ఫిల్టర్‌తోనే ఉండిపోతాయి. పెట్టాక ఒక్కో ఈవెంట్ ఫిల్టర్ ఫైల్‌ను క్యాట్ చేసి చూసుకోండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు సెట్_ఈవెంట్_పిడ్‌లో తమ ప్రోగ్రామ్ పిడ్ (ప్రాసెస్ నంబర్) పెట్టడం. డిస్క్‌కి రాసేది మీ ప్రోగ్రామ్ కాదు, కేవర్కర్, అంటే ఫ్లషర్‌ను నడిపే కెర్నెల్ థ్రెడ్. పిడ్ ఫిల్టర్ పెడితే డర్టీ చేసిన ఈవెంట్లు, ఆపివేత ఈవెంట్లు కనిపిస్తాయి గానీ రైట్‌బ్యాక్_స్టార్ట్ ఒక్కటీ కనిపించదు. అది చూసి "రైట్‌బ్యాక్ జరగడం లేదు" అనే తప్పు నిర్ణయానికి వస్తారు. డిస్క్ పేరుతోనే వడకట్టండి.

6. గుర్తు వేసి, పరీక్ష నడపండి

ట్రేస్ ఫైల్‌లోకి ఖాళీ మాట పంపితే పాత రికార్డు చెరిగిపోతుంది. ట్రేసింగ్_ఆన్ విలువ 1 ఉందో లేదో చూడండి. తర్వాత ట్రేస్_మార్కర్‌లోకి "పరీక్ష మొదలు" లాంటి మాట పంపండి. అది సమయంతో సహా ట్రేస్ మధ్యలో పడుతుంది. మీ స్క్రిప్ట్‌లో ప్రతి దశకు ముందు ఇలా ఒక గుర్తు వేస్తే చదివేటప్పుడు ఎంతో శ్రమ తప్పుతుంది.

పరీక్షలు రెండు చేయండి. మొదటిది: డీడీతో 1 ఎంబీ బ్లాకులు 64 రాయండి, అంటే 64 ఎంబీ. ఇది బ్యాక్‌గ్రౌండ్ హద్దు కంటే తక్కువ కాబట్టి ఏమీ చేయకుండా 40 సెకన్లు ఆగండి. రెండోది: మొదటి మెట్టులో రాసుకున్న బ్యాక్‌గ్రౌండ్ హద్దుకు రెట్టింపు సైజు ఫైల్ రాయండి. డీడీకి ఎఫ్‌సింక్, డైరెక్ట్ అనే ఆప్షన్లు ఇవ్వొద్దు. డైరెక్ట్ ఇస్తే డేటా క్యాష్‌లోకి రానే రాదు, ట్రేస్ ఖాళీగా ఉంటుంది.

ప్రతిసారీ కొత్త ఫైల్ పేరు వాడండి. ఈఎక్స్‌టీ4 మీద అదే పేరుతో మళ్లీ డీడీ చేస్తే ఫైల్ ముందు సున్నాకి కుదించబడుతుంది. అలా కుదించి తిరిగి రాసిన ఫైల్‌ను మూసేటప్పుడు ఈఎక్స్‌టీ4 వెంటనే డిస్క్‌కి పంపడం మొదలుపెడుతుంది, కరెంటు పోతే పాత డేటా కొత్త డేటా రెండూ పోకుండా ఉండాలని. దాంతో మొదటిసారి 30 సెకన్లకు వెళ్లిన డేటా రెండోసారి వెంటనే వెళ్తుంది. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలియక గంటలు పోగొట్టుకునేవాళ్లున్నారు.

పరీక్ష ఫైల్‌ను రైట్‌బ్యాక్ కాకముందే చెరిపేయకండి. చెరిపిన ఫైల్ డర్టీ పేజీలు డిస్క్‌కి వెళ్లవు, అలాగే పారేస్తారు. /టీఎంపీ చాలా మెషీన్లలో టీఎంపీఎఫ్ఎస్, దాని వెనక డిస్కే లేదు కాబట్టి అక్కడ పరీక్షించకండి.

7. ట్రేస్ చదవండి

ట్రేస్ ఫైల్ చదివితే బఫర్ అలాగే ఉంటుంది. ట్రేస్_పైప్ చదివితే చదివినంత మేరా ఖాళీ అవుతుంది. మొదట ట్రేస్ ఫైల్‌నే /డెవ్/ఎస్‌హెచ్ఎంలోకి కాపీ చేసుకోండి. పరీక్షిస్తున్న డిస్క్ మీదికి ట్రేస్_పైప్ మళ్లించారంటే ఆ అవుట్‌పుట్ ఫైలే డర్టీ అవుతుంది, దాని రైట్‌బ్యాక్ మళ్లీ ట్రేస్‌లోకి వస్తుంది, అది మళ్లీ ఫైల్‌లోకి వెళ్తుంది. ఇక అంతు ఉండదు.

పైన ఎంట్రీస్-ఇన్-బఫర్/ఎంట్రీస్-రిటెన్ అనే వరుస చూడండి. రెండు అంకెలూ సమానంగా లేకపోతే పాత ఈవెంట్లు చెరిగిపోయాయని అర్థం. పర్_సీపీయూ లోపల ప్రతి సీపీయూకి ఉండే స్టాట్స్ ఫైల్‌లో ఓవర్‌రన్ సున్నా ఉండాలి. లేకపోతే బఫర్ పెంచి మళ్లీ చేయండి. సగం పోయిన ట్రేస్‌తో ఏ నిర్ణయానికీ రావొద్దు.

రైట్‌బ్యాక్_స్టార్ట్ వరుస ఇలా ఉంటుంది:

బీడీఐ 8:0: ఎస్‌బీ_డెవ్ 0:0 ఎన్ఆర్_పేజెస్=9223372036854775807 సింక్_మోడ్=0 కేఅప్‌డేట్=0 రేంజ్_సైక్లిక్=1 బ్యాక్‌గ్రౌండ్=1 రీజన్=బ్యాక్‌గ్రౌండ్ సీగ్రూప్_ఐనో=1

ఆ పెద్ద అంకె చూసి కంగారు పడొద్దు. బ్యాక్‌గ్రౌండ్ పనికి పేజీల పరిమితి లేదని చెప్పడానికి కెర్నెల్ పెట్టే అతిపెద్ద సంఖ్య అది. తర్వాత వచ్చే రైట్‌బ్యాక్_రిటెన్‌లో అది 9223372036854774783 అయితే, తేడా 1024. అంటే ఆ విడతలో 1024 పేజీలు, 4 ఎంబీ వెళ్లాయి. తీసివేతే ఇక్కడ మీ కొలత.

రీజన్ అనే ఫీల్డ్ అన్నిటికంటే విలువైనది. రైట్‌బ్యాక్ ఎవరి వల్ల మొదలైందో అది చెబుతుంది.

పీరియాడిక్ అని ఉంటే 30 సెకన్ల వయసు దాటిన డేటా కోసం 5 సెకన్లకోసారి జరిగే తనిఖీ. 64 ఎంబీ పరీక్షలో మీకు ఇదే రావాలి. 30 సెకన్లను ఐనోడ్ మొదటిసారి డర్టీ అయినప్పటి నుంచి లెక్కిస్తారు, చివరిసారి రాసినప్పటి నుంచి కాదు. తనిఖీ 5 సెకన్లకోసారి కాబట్టి రైట్‌బ్యాక్_సింగిల్_ఐనోడ్‌లో ఏజ్ మామూలుగా 30 నుంచి 35 మధ్య కనిపిస్తుంది. 5 సెకన్లకోసారి పీరియాడిక్ స్టార్ట్ వస్తున్నా ఏమీ రాయడం లేదంటే అది లోపం కాదు. పక్కనే ఉన్న రైట్‌బ్యాక్_క్యూ_ఐఓలో ఎన్‌క్యూ=0 ఉంటే వయసు దాటిన ఫైళ్లేవీ దొరకలేదని అర్థం.

బ్యాక్‌గ్రౌండ్ అని ఉంటే డర్టీ పేజీలు బ్యాక్‌గ్రౌండ్ హద్దు దాటాయి. రెండో పరీక్షలో ఇదే రావాలి. సింక్ అని ఉంటే ఎవరో సింక్ కాల్ చేశారు. ఏదైనా బ్యాకప్ స్క్రిప్ట్ లేదా ప్యాకేజీ ఇన్‌స్టాలర్ పదేపదే సింక్ చేస్తోందేమో చూడండి. వీఎంస్కాన్ అని ఉంటే మెమరీ చాలక ఖాళీ చేసే ప్రయత్నంలో ఫ్లషర్‌ను లేపారు. ఇది తరచూ వస్తుంటే డర్టీ సెట్టింగులు తిప్పి లాభం లేదు, మెమరీ ఎవరు తింటున్నారో చూడాలి.

ఒకే పనిలో స్టార్ట్, రిటెన్ జంట చాలాసార్లు వస్తుంది, ఫ్లషర్ లోపలి లూప్ ప్రతి చుట్టుకూ ఒకటి. అందుకే స్టార్ట్‌లను లెక్కపెట్టి "ఇన్నిసార్లు రైట్‌బ్యాక్ జరిగింది" అనొద్దు. వరసగా, మధ్యలో ఖాళీ లేకుండా వచ్చినవన్నీ ఒకే పని.

రైట్‌బ్యాక్_సింగిల్_ఐనోడ్‌లో ఐనో నంబర్ తీసుకుని, ఆ ఫైల్‌సిస్టమ్ మౌంట్ పాయింట్ మీద ఫైండ్‌ను ఎక్స్‌డెవ్, ఐనమ్ ఆప్షన్లతో నడిపితే ఫైల్ పేరు దొరుకుతుంది. ఈఎక్స్‌టీ4 అయితే డీబగ్‌ఎఫ్ఎస్ టూల్‌లోని ఎన్‌చెక్ ఇంకా వేగంగా చెబుతుంది. ఏమీ దొరక్కపోతే రెండు కారణాలు: ఆ ఫైల్ చెరిగిపోయి ఉండాలి, లేదా అది ఫైల్‌సిస్టమ్ మెటాడేటా కోసం ఆ బ్లాక్ డివైస్‌కే ఉన్న ఐనోడ్ అయి ఉండాలి.

సీగ్రూప్ అంటే కెర్నెల్ కలిపి లెక్కగట్టే ప్రాసెస్‌ల గుంపు. సీగ్రూప్_ఐనో 1 అయితే రూట్ సీగ్రూప్. వేరే అంకె ఉంటే /సిస్/ఎఫ్ఎస్/సీగ్రూప్ కింద అదే ఐనోడ్ నంబర్ ఉన్న డైరెక్టరీ వెతకండి. ఏ సర్వీస్ లేదా ఏ కంటైనర్ డేటా వెళ్తోందో తెలిసిపోతుంది.

8. ప్రోగ్రామ్ బిగుసుకుపోయే క్షణాన్ని పట్టుకోండి

ప్రోగ్రామ్ డర్టీ_రేషియో దాటాకే ఆగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బ్యాక్‌గ్రౌండ్ హద్దుకీ పై హద్దుకీ సరిగ్గా మధ్య నుంచే కెర్నెల్ రాసేవాళ్లను నెమ్మదింపజేయడం మొదలుపెడుతుంది. 10, 20 ఉన్నచోట ఆ మధ్య బిందువు 15. దానికి దిగువన ఉన్నంతసేపు బ్యాలెన్స్_డర్టీ_పేజెస్ ఈవెంట్ సాధారణంగా రాదు. సీగ్రూప్ మెమరీ పరిమితులుంటే ఆ గ్రూప్‌కి సొంత హద్దులు వర్తిస్తాయి, అందుకే మొత్తం మెషీన్‌లో మెమరీ ఖాళీగా ఉన్నా ఒక కంటైనర్ మాత్రం ఆగుతుంది.

ఈవెంట్ వచ్చినంత మాత్రాన ఆగినట్టు కాదు. పాజ్ ఫీల్డ్ చూడండి. అది మిల్లీసెకన్లలో ఉంటుంది. సున్నా లేదా రుణ సంఖ్య ఉంటే ఆగలేదు. ఒక్కో నిద్ర గరిష్ఠంగా 200 మిల్లీసెకన్లే. రెండు సెకన్లు ఆగారంటే వరసగా అనేక నిద్రలు పడ్డాయని అర్థం, అందుకే ఒక్క వరుస చూసి వదిలేయకుండా అదే పిడ్‌కి వచ్చిన పాజ్‌లన్నీ కూడండి. డర్టీ, లిమిట్, సెట్‌పాయింట్ పేజీల్లో ఉంటాయి. డర్టీ_రేట్‌లిమిట్, టాస్క్_రేట్‌లిమిట్ సెకనుకు కేబీల్లో ఉంటాయి. టాస్క్_రేట్‌లిమిట్ పడిపోతూ ఉంటే డిస్క్ వేగానికి తగ్గట్టు మీ ప్రోగ్రామ్‌ను కట్టేస్తున్నారని అర్థం.

ఎప్పుడో ఒకసారి వచ్చే ఆగుడు అయితే కాపలా కాయనక్కర్లేదు. బ్యాలెన్స్_డర్టీ_పేజెస్ లోపలి ట్రిగ్గర్ ఫైల్‌లో ట్రేస్‌ఆఫ్:1 ఇఫ్ పాజ్ > 100 అని రాయండి. 100 మిల్లీసెకన్లకు మించిన నిద్ర పడగానే రికార్డింగ్ దానంతటదే ఆగుతుంది, అంతకు ముందు జరిగినదంతా బఫర్‌లో భద్రంగా ఉంటుంది. మళ్లీ పట్టుకోవాలంటే అదే మాట ముందు ఆశ్చర్యార్థకం పెట్టి రాసి ట్రిగ్గర్ తీసేయండి, ట్రేసింగ్_ఆన్ 1 చేయండి, ట్రిగ్గర్ తిరిగి పెట్టండి.

పాజ్‌లన్నీ చిన్నవే, అయినా ప్రోగ్రామ్ ఆగుతోందా? అప్పుడు ఫోలియో_వెయిట్_రైట్‌బ్యాక్ ఆన్ చేయండి. పాత కెర్నెళ్లలో దీని పేరు వెయిట్_ఆన్_పేజ్_రైట్‌బ్యాక్. డిస్క్‌కి వెళ్తున్న పేజీ కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో ఇది చూపుతుంది. ఆప్షన్స్/స్టాక్‌ట్రేస్‌లో 1 పెడితే ప్రతి ఈవెంట్‌కీ ఏ దారిలో వచ్చారో కూడా వస్తుంది. అది బరువైన పని, కొన్ని సెకన్లకే పరిమితం చేయండి.

9. స్టార్ట్ లేకుండా డేటా వెళ్తుంటే

డిస్క్‌కి డేటా వెళ్తోంది గానీ రైట్‌బ్యాక్_స్టార్ట్ కనబడదు. దీనికి మామూలు కారణం ఎఫ్‌సింక్. ఎఫ్‌సింక్ చేసిన ప్రోగ్రామే తన సందర్భంలో తన పేజీలను పంపుతుంది, ఫ్లషర్‌ను పిలవదు. డేటాబేస్‌లు ఉన్న మెషీన్‌లో ఎక్కువ రాతలు ఇలాగే వెళ్తాయి.

ఈఎక్స్‌టీ4 అయితే ఈవెంట్స్/ఈఎక్స్‌టీ4 లోపల ఈఎక్స్‌టీ4_సింక్_ఫైల్_ఎంటర్, ఈఎక్స్‌టీ4_సింక్_ఫైల్_ఎగ్జిట్, ఈఎక్స్‌టీ4_రైట్‌పేజెస్ ఆన్ చేయండి. ఎంటర్‌కీ ఎగ్జిట్‌కీ మధ్య సమయమే ఎఫ్‌సింక్ తీసుకున్న సమయం. ఈఎక్స్‌టీ4_రైట్‌పేజెస్‌లో సింక్_మోడ్=1 ఉంటే ఎవరో పూర్తయ్యేదాకా ఆగే పద్ధతిలో రాయిస్తున్నారు. వరుస మొదట్లో ఉండే ప్రాసెస్ పేరే వాళ్లెవరో చెబుతుంది. కొత్త ఫైల్ రాసి పాతదాని మీదికి రీనేమ్ చేసినా ఈఎక్స్‌టీ4 ఇలాగే వెంటనే పంపుతుంది.

10. డిస్క్ దాకా వెంబడించండి

రైట్‌బ్యాక్_రిటెన్ వచ్చిందంటే డేటా డిస్క్ మీద ఉందని కాదు, బ్లాక్ లేయర్‌కి అప్పగించారని మాత్రమే. ఈవెంట్స్/బ్లాక్ లోపల బ్లాక్_ఆర్‌క్యూ_ఇష్యూ, బ్లాక్_ఆర్‌క్యూ_కంప్లీట్ ఆన్ చేయండి. వీటిలో డిస్క్ నంబర్ మధ్య చుక్కలకు బదులు కామా ఉంటుంది: 8,0. తర్వాత అక్షరాల గుర్తు వస్తుంది. డబ్ల్యూ ఒక్కటే ఉంటే మామూలు రైట్‌బ్యాక్, పక్కన ఎస్ ఉంటే ఎవరో ఎదురుచూస్తున్న రాత, ఎం ఉంటే మెటాడేటా. మొదట్లోనే ఎఫ్ వస్తే ఫ్లష్. కూడిక గుర్తు తర్వాతి అంకె సెక్టార్ల సంఖ్య, సెక్టార్‌కి 512 బైట్లు.

ఒకే సెక్టార్ నంబర్‌కి ఇష్యూ, కంప్లీట్ మధ్య తేడా చూడండి. ఇది పెద్దగా ఉంటే తప్పు డిస్క్‌దే, రైట్‌బ్యాక్ సెట్టింగులు మార్చి ప్రయోజనం లేదు. జేబీడీ2 అని మొదలయ్యే ప్రాసెస్ పేరు కనిపిస్తే అది ఈఎక్స్‌టీ4 జర్నల్, డీఫాల్ట్‌గా 5 సెకన్లకోసారి కమిట్ చేస్తుంది. అరనిమిషం కంటే తరచుగా డిస్క్ లైటు వెలగడానికి చాలాసార్లు ఇదే కారణం.

కంప్లీట్ వచ్చినా డేటా డిస్క్ లోపలి క్యాష్‌లోనే ఉండొచ్చు. కరెంటు పోయినా నిలవాలంటే తర్వాత ఫ్లష్ కూడా పూర్తయి ఉండాలి. ఆ వరుస కనబడేదాకా "డేటా భద్రం" అనకండి.

11. ఒక్కటి మార్చండి, మళ్లీ కొలవండి

పెద్ద ర్యామ్, నెమ్మది డిస్క్ కలిసినచోట శాతాలు పనికిరావు. 60 జీబీ అందుబాటులో ఉంటే 20 శాతం 12 జీబీ. సెకనుకు 100 ఎంబీ రాసే డిస్క్‌కి అది రెండు నిమిషాల పని. అలాంటిచోట డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_బైట్స్ 268435456, డర్టీ_బైట్స్ 1073741824 పెట్టి చూడండి, అంటే 256 ఎంబీ, 1 జీబీ. బైట్స్ విలువ పెట్టగానే దాని జంట రేషియో సున్నా అయిపోతుంది, అది సహజం.

మార్చాక రెండో పరీక్షను తిరిగి నడపండి. గ్లోబల్_డర్టీ_స్టేట్‌లో బీజీ_థ్రెష్ 65536, థ్రెష్ 262144 పేజీలకు దగ్గరగా రావాలి. రీజన్=బ్యాక్‌గ్రౌండ్ స్టార్ట్ ముందుకంటే త్వరగా రావాలి. బ్యాలెన్స్_డర్టీ_పేజెస్ పాజ్‌ల మొత్తం పెరిగితే హద్దు మరీ తగ్గించారు, కొంచెం పెంచండి. కొత్తగా తగిలించిన డిస్క్ మీద మొదటి కొన్ని సెకన్ల ఫలితాలు వదిలేయండి. కెర్నెల్ ప్రతి డిస్క్‌నీ మొదట సెకనుకు 100 ఎంబీ వేగంగా ఊహించుకుని, నడిచేకొద్దీ సరిదిద్దుకుంటుంది. ఆ సవరణ బీడీఐ_డర్టీ_రేట్‌లిమిట్ ఈవెంట్‌లో కనిపిస్తుంది.

ప్రత్యామ్నాయాలు

చేత్తో ఫైళ్లు రాయడం ఇష్టం లేకపోతే ట్రేస్-సీఎండీ రికార్డ్‌కి కావలసిన ఈవెంట్ల పేర్లు, స్లీప్ 60 ఇచ్చి నడపండి. అవుట్‌పుట్ ఫైల్ /డెవ్/ఎస్‌హెచ్ఎంలో పడేలా '-ఓ' అనే ఆప్షన్ ఇవ్వండి. ఇవ్వకపోతే మీరున్న డైరెక్టరీలోనే, బహుశా పరీక్షిస్తున్న డిస్క్ మీదే, రాసేస్తుంది.

వివరాలు వద్దు, లెక్కలు చాలు అనుకుంటే హిస్టోగ్రామ్ మేలు. రైట్‌బ్యాక్_స్టార్ట్ ట్రిగ్గర్‌లో హిస్ట్:కీస్=రీజన్ అని రాసి, కొంతసేపయ్యాక పక్కనే ఉన్న హిస్ట్ ఫైల్ చదవండి. ఇక్కడ కారణాలు అంకెల్లో వస్తాయి: 0 బ్యాక్‌గ్రౌండ్, 1 వీఎంస్కాన్, 2 సింక్, 3 పీరియాడిక్. రద్దీ సర్వర్ మీద రోజంతా ఉంచగలిగేది ఈ పద్ధతే. బీపీఎఫ్‌ట్రేస్ టూల్స్‌తో వచ్చే రైట్‌బ్యాక్.బీటీ స్క్రిప్ట్ ప్రతి విడతకీ డిస్క్, పేజీలు, కారణం, పట్టిన సమయం ఒక్క వరుసలో చూపుతుంది.

12. ముగించేటప్పుడు

ట్రేసింగ్_ఆన్‌లో 0 రాస్తే రికార్డింగ్ ఆగుతుంది గానీ ఈవెంట్ల భారం పూర్తిగా పోదు. ముందు ట్రిగ్గర్లు తీసేయండి, తర్వాత ఈవెంట్స్/ఎనేబుల్‌లో 0 రాయండి, ఆపై ఇన్‌స్టెన్స్ డైరెక్టరీని ఆర్ఎండైర్ చేయండి. బిజీ అని వస్తే ఎక్కడో ఒక టెర్మినల్‌లో ట్రేస్_పైప్ ఇంకా తెరిచి ఉంది, దాన్ని మూసి మళ్లీ ప్రయత్నించండి. పరీక్ష ఫైళ్లు చెరపండి. సిస్‌సీటీఎల్ విలువలు పరీక్ష కోసమే మార్చి ఉంటే మొదటి మెట్టులో రాసుకున్నవి తిరిగి పెట్టండి. రేషియోకి విలువ ఇస్తే బైట్స్ దానంతటదే సున్నా అవుతుంది. మార్పు శాశ్వతం కావాలంటే సిస్‌సీటీఎల్.డీ డైరెక్టరీలో ఫైల్‌గా రాసి, ఒకసారి రీబూట్ చేసి ఎన్ఆర్_డర్టీ_థ్రెషోల్డ్ మళ్లీ చదవండి.